మేనేజరు గారి ఊతపదం

నేను కామెడీలో పనిచేశానంటే ఎవరూ నమ్మరు. నా ముఖం చూసినవాళ్లు మరీ నమ్మరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ప్రభుత్వ రేడియోలో సౌండ్ రికార్డిస్టుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేసినదాన్ని. కచేరీలు, సంతాప సందేశాలు, వేరుశెనగలో తెగుళ్ల నివారణ, అన్నీ ఒకే ముఖంతో రికార్డు చేశాను. రెండో ఉద్యోగం నాకు ఆ ముఖం వల్లే వచ్చింది.

మాది కర్నూలు వైపు. రిటైరయ్యాక గోపన్‌పల్లిలో ఒక అపార్టుమెంటులో స్థిరపడ్డాను. మా పై అంతస్తులో కిరాయికి ఉండే అమ్మాయి ఇంటర్నెట్‌లో వచ్చే ఒక కామెడీ సిరీస్‌కి మాటలు రాసేది. ఒకరోజు లిఫ్టులో కలిసినప్పుడు, వాళ్ల సౌండ్ అతను షాట్ మధ్యలో నవ్వేసి టేకులు పాడుచేస్తున్నాడని చెప్పింది. నావైపు కాసేపు చూసి, "ఆంటీ, మీరైతే నవ్వరు" అంది. అది పొగడ్తో కాదో తేల్చుకునేలోపే మా అంతస్తు వచ్చేసింది.

మర్నాడు హైటెక్ సిటీలో వాళ్ల దర్శకుణ్ణి కలిశాను. హైదరాబాద్ కుర్రవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ పనిలో దిగాడు. నాకు ఒక ఎపిసోడ్ చూపించారు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. ఎలా ఉందని అడిగితే, వెనకాల ఎక్కడో ఫ్రిజ్ మోత వినిపిస్తోందని చెప్పాను. ఉద్యోగం ఇచ్చేశారు.

మా సెట్టు నిజమైన ఆఫీసే. ఏదో కంపెనీ తన ఉద్యోగులందర్నీ ఇళ్ల నుంచే పనిచేయమని చెప్పి అంతస్తు మొత్తం ఖాళీ చేసింది. కుర్చీలు, గాజు గదులు, గోడల మీద ఉత్సాహం నింపే సూక్తులు అలాగే వదిలేసింది. కొత్తవాళ్లు దొరికేదాకా మమ్మల్ని వాడుకోమన్నాడు భవనం యజమాని. పక్క స్థలంలో కొత్త టవర్ కోసం రోజూ బండలు పేల్చేవాళ్లు. పేల్చే ముందు సైరన్ మోగేది. సైరన్ వినగానే నేను చెయ్యెత్తితే షూటింగు ఆగేది. నా ఉద్యోగంలో సగం చెయ్యెత్తడమే.

సిరీస్ కథ చాలా చిన్నది. ఒక కంపెనీ, అది ఏం చేస్తుందో అందులో పనిచేసే ఎవరికీ తెలియదు. ప్రతి ఎపిసోడ్‌లోనూ తిరిగి తిరిగి వచ్చే జోకులు కొన్ని ఉండేవి. ఆఫీసు ప్రింటరు ఎవరు ఏం ఇచ్చినా పోయినేడాది బతుకమ్మ ఆహ్వానమే అచ్చువేస్తుంది. ఎప్పుడో మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి పేరుతో కేకు వస్తుంది, అందరూ నిలబడి గంభీరంగా తింటారు. ఇవి రాసే అమ్మాయి నాకొక సంగతి చెప్పింది. ఇలాంటి జోకు మొదటిసారి వస్తే ఎవరూ నవ్వరట. రెండోసారి గుర్తుపడతారట. మూడోసారి నుంచి దానికోసం ఎదురుచూస్తారట. ఎదురుచూసింది వచ్చినప్పుడు మనిషికి కలిగే నిశ్చింతనే మనం నవ్వు అనుకుంటున్నామని నాకు అనిపించింది. ఆ ముక్క ఆ అమ్మాయితో అనలేదు. జీతం ఇచ్చేచోట సిద్ధాంతాలు చెప్పకూడదు.

ఈ జోకులన్నిటిలోకీ పెద్దది మేనేజరుగారిది.

మేనేజరు వేషం వేసినాయన గోదావరి జిల్లా మనిషి. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరై మియాపూర్‌లో ఉండేవారు. వయసులో ఉండగా పరిషత్తు నాటకాల్లో రాజుల దగ్గర్నుంచి దొంగల దాకా అన్నీ వేశారు. అందర్నీ 'అండి' అనే పిలిచేవారు. సెట్‌లో సామాను మోసే కుర్రాళ్లని కూడా. వాళ్లు మొదట్లో ఎవర్ని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లు.

ఆయన ఊతపదం ఎవరూ రాసింది కాదు. నేను చేరాక తీసిన మొదటి ఎపిసోడ్‌లో అగ్నిప్రమాదం వస్తే ఎలా బయటపడాలో నేర్పే కసరత్తు ఒకటుంది. ఉద్యోగులంతా కిందికి దిగిపోతారు, మేనేజరు మాత్రం తన గాజు గదిలో ఫోన్ మాట్లాడుతూ ఉండిపోతారు. షాట్ మధ్యలో పక్కన సైరన్ మోగింది. నేను చెయ్యెత్తాను. అందరూ బాల్కనీలోకి వెళ్లిపోయారు. గాజు గదిలోకి ఆ సైరన్ సరిగ్గా వినపడలేదు, నా చెయ్యి కనపడలేదు. ఆయన తన పాత్ర ప్రకారం ఫోన్ పెట్టేసి బయటికి వస్తే, ఆఫీసులో నరమానవుడు లేడు. కెమెరా, నా రికార్డరు మాత్రం తిరుగుతున్నాయి. ఆయన కళ్లద్దాలు తీసి చుట్టూ చూసి, ఎవర్నీ నొప్పించని గొంతుతో, "నాకెవరూ చెప్పలేదండి" అన్నారు.

దర్శకుడు దాన్ని అలాగే ఉంచేశాడు. తర్వాత ప్రతి ఎపిసోడ్‌లోనూ పెట్టాడు. కంపెనీ అమ్ముడుపోతుంది, మేనేజరుగారికి ఎవరూ చెప్పరు. ఆఫీసు వేరే భవనానికి మారుతుంది, ఆయన పాత భవనంలో రెండురోజులు ఒక్కరే పనిచేస్తారు. చివర్లో కళ్లద్దాలు తీస్తారు. 'ఎవరూ' దగ్గర కొంచెం సాగదీసి, 'అండి' దగ్గర గొంతు దించి ఆ మాట అంటారు. అంతే.

కొన్నాళ్లకి ఆ మాట మా చేతుల్లోంచి జారి ఊళ్లోకి వెళ్లిపోయింది. టీషర్టుల మీద వేశారు. ఆటోల వెనక రాశారు. శేరిలింగంపల్లి వైపు ఒక టిఫిన్ సెంటర్లో చట్నీ అయిపోయిందని చెప్పేందుకు ఆయన బొమ్మతో అదే బోర్డు పెట్టారు. నిజమైన ఆఫీసుల్లో నిజమైన మేనేజర్లు మీటింగుల్లో ఆ మాట అనడం మానుకున్నారని విన్నాను. అనవలసిన అవసరం మాత్రం తగ్గి ఉండదు.

మొదట్లో ఆయనకి సంబరంగానే ఉండేది. బజారులో ఎవరడిగినా అనేవారు. కళ్లద్దాలు తీసి మరీ అనేవారు. గుండె పరీక్షకి వెళితే డాక్టరు కూడా అడిగాడట, అన్నారట, తర్వాత ఇంకోసారి బీపీ చూడాల్సి వచ్చిందట. ఇంట్లో మాత్రం చిక్కొచ్చింది. గ్యాసు అయిపోయిందని మీకు పొద్దున్నే చెప్పాను కదా అని భార్య నిలదీస్తే, నిజంగానే చెప్పి ఉండకపోయినా, ఆ సంగతి చెప్పుకోవడానికి ఆయన దగ్గర మాటలు మిగల్లేదు. ఒకసారి వాళ్ల అపార్టుమెంటు సంఘం ఈయన్ని పిలవకుండా మీటింగు పెట్టి, ఈయన కారు నిలిపే చోట జనరేటరు పెట్టాలని తీర్మానించింది. ఈయన వెళ్లి, నాకెవరూ చెప్పలేదండి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. జనరేటరు పెట్టేశారు.

ఇవన్నీ ఆయన భోజనాల దగ్గర మాకు నవ్వుతూనే చెప్పేవారు. సెట్‌లోని పిల్లలు నవ్వేవాళ్లు. నేను నా ముఖంతో వినేదాన్ని.

ఇక ఆ రోజు సంగతి.

డబ్బు పెట్టే కంపెనీ వాళ్లు కొత్త సీజన్‌లో అందరూ కుర్రవాళ్లే ఉండాలన్నారు. మేనేజరు జోకు అరిగిపోయిందన్నారు. అంతకుముందు వారమే ఆ నిర్ణయం అయిపోయింది. నాకు తెలియదు. సౌండ్ వాళ్లకి సంగతులు ఎప్పుడూ ఆఖర్నే తెలుస్తాయి, అదీ పొరపాటున హెడ్‌ఫోన్‌లో పడితే.

పొద్దున్న సెట్‌కి కేకు వచ్చింది. దాని మీద 'మేనేజర్ గారికి వీడ్కోలు' అని ఉంది. ఆయన దాన్ని మా పాత జోకులో కొత్త మలుపు అనుకున్నారు. రాసే అమ్మాయి దగ్గరికి వెళ్లి, మనిషి ఎదురుగా ఉండగానే వీడ్కోలు కేకు తెప్పించడం బాగుందనీ, జనం నవ్వుతారనీ మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి ఏదో గొణిగి కేబుళ్ల వైపు వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి కేబుళ్లతో ఏ పనీ ఉండదు.

ఒక షాట్ అయ్యాక లైట్లు మారుస్తున్నారు. ఆయన కాలర్ మైకు పెట్టుకునే ఉన్నారు. దర్శకుడి దగ్గరికి వెళ్లి, వచ్చే వారం మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు, ఒక్కరోజు సర్దుబాటు చేయాలన్నారు. దర్శకుడు మానిటర్ చూస్తూనే, వచ్చే వారం మీకు షూటింగు లేదు కదా అన్నాడు. అయితే ఆ పై వారం ఎప్పుడని ఈయన అడిగారు. అప్పుడు అతను తలెత్తాడు.

"మేనేజర్ క్యారెక్టర్ ఇయ్యాల్టితోని అయిపోతున్నది కద సార్."

ఆయన కళ్లద్దాలు తీశారు. ఊరికే, చెమట పట్టి తీశారు.

"నాకెవరూ చెప్పలేదండి" అన్నారు.

సెట్టంతా గొల్లుమంది. లైట్లు మార్చేవాళ్లు నవ్వారు, మేకప్ చేసే ఆవిడ నవ్వింది, ఎవరో చప్పట్లు కొట్టారు. దర్శకుడు కెమెరామన్ వైపు తిరిగి, "చూసినవా, టైమింగ్ అంటే గదీ" అన్నాడు. అతనికి దురుద్దేశం ఏమీ లేదు. ఈయనకి అన్నీ తెలుసని, తెలిసి కూడా పెద్దమనసుతో జోకేశారని నిజంగా నమ్మాడు.

నా చెవుల్లో హెడ్‌ఫోన్ ఉంది. ఆ మాట నేను కొన్ని వందలసార్లు విన్నదాన్ని. ఈసారి 'ఎవరూ' దగ్గర సాగదీయలేదు. 'అండి' దగ్గర గొంతు దించలేదు, అది దానంతటదే లోపలికి పోయింది. తర్వాత గుటక శబ్దం. మా పనిలో మొట్టమొదట నేర్చుకునేది అదే. మాట ఎలాగైనా చెప్పొచ్చు, దాని వెనక వచ్చే ఊపిరిని మాత్రం ఎవరూ నటించలేరు.

నేను చెయ్యెత్తాను. సైరన్ ఏమీ లేదు. అయినా అలవాటు కొద్దీ అందరూ ఆగిపోయారు.

"అది డైలాగు కాదు నాయనా" అన్నాను దర్శకుడితో. "ఆయనకు నిజంగానే తెల్దు."

"మీకెట్ల తెలుసు మేడం?"

"నేను వినేది దాన్నే కదప్పా."

అప్పటికి ఆయన తన గాజు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. బయట విచారణ మొదలైంది. రాసే అమ్మాయి చెప్పిందని దర్శకుడు అనుకున్నాడు. డేట్లు చూసే ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారని ఆ అమ్మాయి అనుకుంది. ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఇలాంటివి దర్శకుడి నోటితో చెబితేనే మర్యాద అని తాము ఊరుకున్నామన్నారు. అచ్చం ఇదే కథతో మేము అంతకుముందు ఒక ఎపిసోడ్ తీశాం. చాలా బాగా ఆడింది.

గాజు గదిలో ఆయన మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆయన ఎవరికో ఫోన్ చేసి 'ఒసే' అన్నంతవరకు నాకు వినిపించింది. నా మిక్సర్ మీద ఆయన మైకు శబ్దం పెంచే, తగ్గించే మీటని కిందికి లాగేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో రికార్డు చేసినవాటికంటే చేయనివాటిని తల్చుకుంటే నాకు ఎక్కువ తృప్తి. ఈ రంగంలోకి వచ్చే పిల్లలకి ఎవరూ చెప్పని పాఠం ఇదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీట పైకి జరపడం ఒక్కరోజులో వచ్చేస్తుంది.

కాసేపటికి లోపలికి వెళ్లాను. మైకు తీసుకోవడానికి వచ్చాననుకుని ఆయన లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను. ఆయన బల్ల మీద మా సెట్టు వాళ్లు పెట్టిన ప్లాస్టిక్ మొక్క ఉంది, దాని ఆకులు సర్దుతూ కూర్చున్నారు.

"వేషం పోయిందని కాదండి. పరిషత్తుల్లో నాకు పోయినన్ని వేషాలు ఎవరికీ పోయుండవు. తెర లేచే ముందు మార్చేసిన రోజులు కూడా ఉన్నాయి" అన్నారు. ఆకులు వదిలేసి, "కానీ ఇందాక నవ్వారు చూడండి. రేపు నిజంగా నాకేదో జరిగి, నాకు ఎవరూ చెప్పలేదని నేను చెప్పుకోవాల్సొస్తే, ఏ మాటల్లో చెప్పుకోవాలండి?"

ఆ మాట ఇంకోలా ఎలా చెప్పొచ్చా అని నిజంగానే ఆలోచించాను. తెలుగులో అంతకంటే సూటిగా చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఆయన లేచి బయటికి వచ్చారు. అందరూ ఒకేసారి క్షమాపణ చెప్పబోతే చేత్తో వారించి, చివరి సీను చేస్తానన్నారు. కాకపోతే ఒక్క మార్పు కావాలన్నారు. కాగితం మీద ఉన్న ప్రకారం, ఉద్యోగులు కేకు తినేసి వెళ్లిపోయాక, ఖాళీ పెట్టె చూసి ఈయన ఊతపదం అనాలి. అలా వద్దన్నారు. ఈసారి ఎవరో ఒకరు వచ్చి తనకి చెప్పాలన్నారు.

"చెప్తే ఇగ జోకు అయిపోతది సార్" అంది రాసే అమ్మాయి.

"అయిపోనివ్వండమ్మా."

దర్శకుడు కిటికీ దగ్గరికి వెళ్లాడు. కంపెనీ వాళ్లు అడిగినదీ, కాగితం మీద పాసైనదీ అది కాదు. మార్చి తీస్తే కొత్త సీజన్ అతని చేతికి ఇస్తారో లేదో తెలియదు. చివరికి ఆ అమ్మాయిని మార్చి రాయమన్నాడు. ఆ అమ్మాయి పక్క గదిలోకి వెళ్లింది. మేమంతా ఎదురుచూశాం. ఆమె తిరిగొచ్చి, రాయడానికి వస్తలేదు, నేనే కూసుని చెప్తా అంది. కెమెరా ముందు ఆమె ఎప్పుడూ నిలబడలేదు. కాలర్ మైకు నేనే పెట్టాను.

గాజు గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ అమ్మాయి చెప్పింది.

"సార్, మీకొక మాట చెప్పాలె. ఇయ్యాల మీకు ఆఖరి రోజు. ముందే చెప్పాల్సుండె. చెప్పలే."

"మీకెప్పుడు తెలిసిందమ్మా?"

"పోయిన వారం."

"మొన్న నాతో కూర్చుని టిఫిన్ చేశారు కదా."

"చేసిన సార్."

"అప్పుడు కష్టంగా లేదూ?"

"ఉండె. ఉప్మా అస్సలు దిగలే."

ఆయన తలూపారు. ఊరడించలేదు, పరవాలేదు అనలేదు. కళ్లద్దాలు కూడా తీయలేదు. అప్పుడు పక్కన సైరన్ మోగింది. దర్శకుడు నావైపు చూశాడు. కెమెరామన్ చూశాడు. రెండేళ్లుగా వాళ్లని ఆ శబ్దానికి ఆపుతున్నదాన్ని నేనే. నా చెయ్యి ఒళ్లోనే ఉంచుకున్నాను. సైరన్ ఆగింది, బండలు పేలాయి, గాజు గది చిన్నగా అదిరింది. ఇద్దరూ కదలలేదు. పేలుడు చప్పుడు సద్దుమణిగాక ఆయన, "ఇప్పుడైనా చెప్పారు. మంచిదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి ఏడ్చేసింది. అది సీన్‌లో ఉందో లేదో చెప్పేందుకు అక్కడ సీనంటూ రాసి లేదు.

దర్శకుడు కట్ చెప్పడం మర్చిపోయాడు. మేనేజరుగారే లేచి, "కట్ అండి" అన్నారు.

ఆ ఎపిసోడ్ మా సిరీస్‌లో అన్నిటికంటే తక్కువమంది చూసింది. జోకు ఏదని అడిగారు. ఊతపదం లేకుండా ఎలా అయిపోతుందని కోప్పడ్డారు. సౌండ్ బాగాలేదు, మధ్యలో ఏదో పేలింది అని ఒకాయన రాశాడు. నా వృత్తి గురించి ఆ సిరీస్‌లో వచ్చిన ఒకే ఒక్క అభిప్రాయం అది. కంపెనీ వాళ్లు కొత్త సీజన్ వేరే దర్శకుడికి ఇచ్చారు. మావాడు మళ్లీ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయాడు. మిగిలిన టీషర్టులు లెన్సులు తుడవడానికి పనికొచ్చాయి. నేనూ రెండోసారి రిటైరయ్యాను.

మీలో ఎవరైనా జనాన్ని నవ్వించే పనిలో ఉంటే, మానుకోమని నేను చెప్పను. ఊతపదాలు పెట్టుకోండి. నవ్వు వచ్చినచోట మళ్లీ తవ్వండి, అందరూ చేసేదే. కానీ ఒక మనిషి నోటినుంచి ఒక మాట తీసుకుని ఊరంతా పంచిపెట్టినప్పుడు, ఆ మనిషి వాడుకోవడానికి ఏం మిగిలిందో అప్పుడప్పుడూ అడుగుతుండండి. అడగడానికి కెమెరాలు అక్కర్లేదు.

కొన్ని నెలల తర్వాత మేనేజరుగారు ఫోన్ చేశారు. నాటకాలు చదివి రికార్డు చేయాలని ఉంది, నా దగ్గర మైకులున్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను. ఒక సాయంత్రం మియాపూర్ నుంచి మా ఇంటికి వచ్చారు. పడకగది కిటికీలకి దుప్పట్లు కట్టాను. పై అంతస్తులో మిక్సీ మోగితే ఫోన్ చేసి ఆపించాను. ఆ అమ్మాయి మిక్సీ ఆపి తనే కిందికి దిగొచ్చి, గోడ పక్కన నేలమీద కూర్చుంది.

ఆయన చదవబోయేది ఒక న్యాయమూర్తి పాత్ర. ఆ పాత్ర మాట్లాడటం మొదలుపెడితే ఆపదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని సైగ చేశాను. ఆయన మొదలుపెట్టారు. గొంతు పెద్దదిగానే ఉంది కానీ మాటలన్నీ పరిగెడుతున్నాయి, అక్కడక్కడా పరిషత్తు రాజు తొంగిచూస్తున్నాడు. చివరిదాకా చదివి, కాగితాలు ఒళ్లో పెట్టుకుని మా ఇద్దరి వంకా చూశారు.

"ఎలా వచ్చిందండి?"

అమ్మాయి నావైపు చూసింది. ఇన్నేళ్లలో ఏ నటుడు అడిగినా, సౌండ్ వరకు బాగుందండి అని తప్పించుకోవడం నాకు అలవాటు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను.

"బాలేదండి. మొదట్నుంచి మళ్లీ చేద్దాం" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. కుర్చీ మైకు దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని, మొదటి కాగితం తీశారు.